తండాకు వేరే సెంటర్

తెలంగాణ కోసం నేనూ రోడ్డు మీద కూర్చున్నాను. బతుకమ్మ ఎత్తుకున్నాను, టెంటు కింద చాపలు పరిచాను, పోలీసు జీపు వస్తే చెప్పులు వదిలేసి పరుగెత్తాను. ఈ మాట ముందే ఎందుకు చెప్తున్నానంటే, నేను రాయబోయేది చదివి "అయితే ఈమె ఉద్యమానికి ఎదురు తిరిగిన మనిషి" అనేవాళ్లు ఉంటారు. అననీయండి. ఊరి నోళ్లకు మూకుళ్లు పెట్టగలమా? ఉద్యమం మీద నాకు కోపం లేదు. కొందరు మనుషుల మీద ఉంది, అది ఇప్పటికీ చల్లారలేదు.

గూడూరు దిక్కు, అడవి మొదలయ్యే చోట ఉన్న ఒక ఊళ్లో నేను అంగన్‌వాడీ టీచరుగా పని చేశాను. అప్పటికి మాది వరంగల్ జిల్లానే. నా పుట్టిల్లు బచ్చన్నపేట వైపు. పెళ్లయి ఇటు వచ్చి, ఈ ఉద్యోగంలో చేరి, ఇక్కడే ముసలిదాన్నయ్యాను. సెంటర్ అంటే పంచాయతీ ఆఫీసు వెనక ఒక గది, ముందు రేకుల వరండా, వరండా మూలకు పొయ్యి. కూలి చేసుకునేవాళ్ల పిల్లలు, వాడల పిల్లలు, చెరువు కట్ట అవతల ఉన్న తండా పిల్లలు అక్కడికి వచ్చేవాళ్లు. బజారులో దుకాణాలున్న సేట్ల పిల్లలు, భూములున్నవాళ్ల పిల్లలు మాత్రం మూడేళ్లు నిండీ నిండకముందే మెడకు టై కట్టించుకొని మానుకోట కాన్వెంటుకు వ్యానెక్కేవాళ్లు. మూడేళ్ల పిల్లకు టై ఎందుకో నాకు ఈనాటికీ అర్థం కాలేదు, ముక్కు తుడుచుకోవడానికైతే తప్ప.

మా సెంటర్లో వంట చేసే ఆయా తండా మనిషి. నాకంటే కొంచెం పెద్దది, అందుకని అక్కా అని పిలిచేదాన్ని. ఆమెకు ఇద్దరు ఆడపిల్లలు. పెద్దపిల్ల సెంటర్ గడప తొక్కకుండానే నేరుగా ఊరి బళ్లో ఒకటో తరగతికి పోయింది. ఇంట్లో లంబాడీ, తండా అంతా లంబాడీ, బళ్లో తెలుగు. సారు ఏమడిగినా ఆ పిల్ల కళ్లు మిటకరించి చూసేది, మిగతా పిల్లలు నవ్వేవాళ్లు. దసరా సెలవులకు ఇంటికి పోయిన పిల్ల మళ్లీ బడి ముఖం చూడలేదు. మిరప తోటల్లో కూలికి పోవడం మొదలుపెట్టింది. అందుకని చిన్నబిడ్డ విషయంలో తల్లికి ఒకటే పట్టుదల.

"నా బిడ్డ ఊరి పిల్లలతోటి ఆడాలె టీచరమ్మా. ఆడితె మాట వస్తది. మాట వస్తె బడిల కూసుంటది. గంతే, నాకింకేం వద్దు," అనేది.

బియ్యం ఏరుతూ అనేది, గిన్నెలు తోముతూ అనేది. విని విని నాకు విసుగొచ్చి, "సరే అక్కా, ఎన్నిసార్లు చెప్తవ్," అంటే, "నువ్వు మర్సిపోతవేమో అని," అనేది.

పిల్లకు మూడేళ్లు నిండగానే కొంగు పట్టించుకొని తీసుకొచ్చింది. పిల్ల ఒక మూల చూసుకొని కూర్చుంది. తండా పిల్లలతో తప్ప పెదవి విప్పేది కాదు. ఊరి పిల్లలు ఆటలోకి పిలిచేవాళ్లు కాదు, ఈమె పోయేది కాదు. నేను ఒళ్లో కూర్చోబెట్టుకొని అడిగినా తల్లి వైపే చూసేది. ఏ గూటి చిలక ఆ గూటి పలుకే పలుకుతుందంటారు కదా, అట్లాగే ఉంటుందేమో అనుకున్నాను.

అప్పుడు తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు ఆగాయి, ఆఫీసులకు తాళాలు పడ్డాయి, బళ్లు మూతపడ్డాయి, కాన్వెంటు వ్యాను కూడా రావడం మానేసింది. చిన్నపిల్లల అన్నం మాత్రం ఆపొద్దని టెంటులో పెద్దలే మాట్లాడుకొని మా సెంటర్‌ను నడపమన్నారు. ఇళ్లల్లో కాన్వెంటు పిల్లల అల్లరి పట్టలేక తల్లుల ప్రాణం మీదికి వచ్చింది. ఇన్నేళ్లూ మా గది వైపు తల తిప్పి చూడనివాళ్లు ఒక్కొక్కరే పిల్లల్ని తెచ్చి దింపసాగారు. అట్లా వచ్చినవాళ్లలో కిరాణా హోల్‌సేల్ సేటు మనవరాలు ఒకతె.

ఈ సేటు గురించి చెప్పాలి. మా ఊరి ఉద్యమంలో ముందు వరుస ఆయనదే. టెంటు గుడ్డ, మైకు, వంటకు బియ్యం, పప్పు అన్నీ ఆయన దుకాణం నుంచే వచ్చేవి. పెట్టిన చేతిని పెట్టలేదనకూడదు. మైకు పట్టుకున్నాడంటే మాత్రం ఆయనకు ఒకటే ముచ్చట, మన భాష.

"సినిమాలల్ల మన మాట ఎవని నోట్ల పెట్టిన్రు? రౌడీ నోట్ల పెట్టిన్రు, జోకర్ నోట్ల పెట్టిన్రు. మనం నోరు తెరిస్తె నవ్విన్రు. మన మాట చూసి నవ్వెటోల్లతోటి మనం ఎట్ల కలిసుండాలె?" అనేవాడు.

నేను అరచేతులు మండేలా చప్పట్లు కొట్టేదాన్ని. ఆ నవ్వు నాకు తెలుసు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ట్రైనింగుకు పోతే, కోస్తా నుంచి వచ్చిన ఒక మేడమ్ నన్ను లేపి నిలబెట్టి, నేనన్న "గిట్ల" అనే మాటను మళ్లీ మళ్లీ అనిపించింది. గదంతా నవ్వింది. అందుకే సేటు మాట్లాడుతుంటే, నా కడుపులో మాట ఈయన నోట్లోకి ఎట్లా వచ్చిందా అనిపించేది.

సేటు మనవరాలికి నాలుగేళ్లు. కాన్వెంటులో నోటి మీద వేలు పెట్టుకొని కూర్చోవడం బాగా నేర్పారు, అట్లాగే వచ్చి కూర్చుంది. సేటు ఇంటి పిల్ల అని ఊరి పిల్లలు ఆమెకు కూడా దూరంగానే ఉన్నారు. ఇటు ఆయా చిన్నబిడ్డ ఒంటరి, అటు ఈ పిల్ల ఒంటరి. చింతగింజల ఆట దగ్గర ఇద్దరికీ జత కుదిరింది. ఒకతె తెలుగులో తిడితే ఇంకొకతె లంబాడీలో తిట్టేది. ఏం అర్థమయ్యేదో ఏమో, ఇద్దరూ పడీ పడీ నవ్వేవాళ్లు.

సేటు భార్య ఒక షరతు మీద పిల్లను పంపింది. సెంటర్ అన్నం పెట్టొద్దు, గుడ్డు దగ్గరికి రానీయొద్దు, డబ్బా ఇంటి నుంచే వస్తుంది. గుడ్డు తినని ఇల్లు, అది వాళ్ల ఆచారం, నేను తప్పు పట్టలేదు. ఆయా కూడా గుడ్లు ఒలిచేటప్పుడు ఆ పిల్లను వరండా ఆ చివరకు పంపేది. అయితే పిల్లలకు డబ్బా మూతలు అడ్డమా? సేటు ఇంటి పూరీ తండా పిల్ల నోట్లోకి పోయేది, తండా పిల్ల పొద్దున తెచ్చుకున్న జొన్నరొట్టె ముక్క సేటు మనవరాలి నోట్లోకి పోయేది.

ఒక మధ్యాహ్నం నేను పిల్లల్ని పడుకోబెడుతుంటే ఆయా బిడ్డ వచ్చి నా కొంగు లాగింది.

"టీచరమ్మా, గీ పిల్ల నన్ను గిచ్చింది," అంది.

అంత స్పష్టంగా, ఊరి పిల్ల అన్నట్టే అంది. పొయ్యి దగ్గర తల్లి గరిటె పట్టుకొని అట్లాగే నిలబడిపోయింది.

"ఇంకోపాలి అను బిడ్డా," అంది, ఆమె కూడా తెలుగులోనే.

పిల్ల మళ్లీ అంది. ఈసారి గిచ్చిన చోటు కూడా చూపించింది. తల్లికి కళ్ల నీళ్లు ఆగలేదు. నాకూ ఆగలేదు, దాచుకోవడానికేముంది. మేమిద్దరం ఏడవడం చూసి, గిచ్చిన పిల్ల తనను కొడతామనుకొని తలుపు చాటుకు పోయి దాక్కుంది. పిల్లల మీద చాడీ వింటే చిరాకుపడే నేను ఆ చాడీ విని మురిసిపోయాను.

ఇచ్చిపుచ్చుకోవడం ఒకవైపే ఉండదు కదా. సేటు మనవరాలికి లంబాడీ పట్టుబడింది. దాహమైతే పాణి అనేది, రొట్టెను బాటి అనేది. స్నేహితురాలు తల్లిని యాడీ అని పిలుస్తుంది కాబట్టి తానూ ఆయాను యాడీ అనే పిలిచేది. లంబాడీలో యాడి అంటే అమ్మ. నేను నవ్వుకునేదాన్ని. ఆయా నవ్వేది కాదు.

"ఇంట్ల గిట్ల అనకు బిడ్డా, జర యాది పెట్టుకో," అని ఆ పిల్ల చెవిలో చెప్పేది. లోకం సంగతి ఆమెకు నాకంటే బాగా తెలుసు.

ఆ రోజుల్లోనే మా ఊరి రోడ్డు మీద వంటావార్పు పెట్టారు. తండా వాళ్లను ప్రత్యేకంగా పిలిపించారు. ఆడవాళ్లు అద్దాలు కుట్టిన పేటియా లంగాలు కట్టుకొని ఊరేగింపు ముందు ఆడారు. పొయ్యి దగ్గర మా ఆయాను నిలబెట్టారు. సేటు, తండా పెద్దమనిషి నాయక్ పక్కపక్కన తారు రోడ్డు మీదనే కూర్చున్నారు. సేటు ఆమె చేతి పప్పు మారు వడ్డించుకొని తిన్నాడు. ఫొటో తీశారు, మర్నాడు పేపర్లో వచ్చింది.

"కులం లేదు, జాత్ లేదు. ఇగో, గిదే తెలంగాణ," అన్నాడు మైకులో.

నేను నమ్మాను. నమ్మక ఏం చేస్తాను, కళ్ల ముందు కనబడుతుంటే.

ఆ వారమే సేటు భార్య సెంటర్‌కు వచ్చింది. లోపలికి రాలేదు, వరండా మెట్టు కిందనే నిలబడింది. ముందురోజు వాళ్లింటికి చుట్టాలు వచ్చారట. పిల్ల వాళ్ల ముందు తల్లిని యాడీ అని పిలిచి, పూరీ వద్దు బాటి కావాలని కింద పడి దొర్లిందట. చుట్టాలు నవ్వారట.

"మా పోరిని ఏం చేస్తున్నరు టీచరమ్మా మీరు? అచ్చం లంబాడిదాని లెక్క మాట్లాడుతాంది. నలుగుట్ల మా ఇజ్జత్ ఏం గావాలె?" అంది.

ఆయా పొయ్యి దగ్గరే ఉంది. వింటూనే ఉంది. చెయ్యి ఆపకుండా అన్నం కలుపుతూనే ఉంది.

"అమ్మా, చిన్నపిల్లలు. కలిసి ఆడితె మాటలు అంటుకుంటయి. మీ పిల్ల మాటలు ఆమె బిడ్డకు వచ్చినయి, మంచిదే గద," అన్నాను.

"దానికి వస్తె మంచిదే. మా పిల్లకెందుకు?" అంది.

మెట్టు దగ్గరి నుంచే వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. ఇప్పుడైతే తిరిగి నాలుగు మాటలు అనేదాన్ని. చేతులు కాలాక ఆకులు పట్టుకొని ఏం లాభం?

సేటుకైనా చెప్దామని ఆ సాయంత్రం టెంటు దగ్గరికి పోయాను. భాష కోసం ఇంత కొట్లాడే మనిషి, ఈయనకు అర్థం కాకపోతే ఎవరికి అర్థమవుతుంది అనుకున్నాను. ఆయన నన్ను కుర్చీలో కూర్చోబెట్టాడు, చాయ్ తెప్పించాడు, నేను చెప్పిందంతా విన్నాడు. కోపగించుకోలేదు.

"నువ్వన్నది నిజమే టీచరమ్మా. భాషల ఎక్కువ తక్కువ ఉండదు. అందుకే అంటున్న, తండకు వేరె సెంటర్ పెట్టిద్దాం. వాళ్ల భాషల వాళ్లు మంచిగ చదువుకుంటరు. మన రాష్ట్రం మనం అడుగుతలేమా? వాళ్ల సెంటర్ వాళ్లకు ఉండొద్దా?"

"సేటూ, ఆయా అడిగేది అది కాదు. పిల్లలు కలిసుంటేనే ఆమె బిడ్డకు తెలుగొస్తది."

"ఆమెకేం తెలుస్తది, నేను నాయక్‌తోటి మాట్లాడుత," అన్నాడు.

నోటితో పలకరించి నొసటితో వెక్కిరించడమంటే ఏమిటో ఆ రోజు కళ్లారా చూశాను. ఆ కోస్తా మేడమే నయం, ఎదురుగా నవ్వి ఊరుకుంది. ఈయన నా చేతిలో చాయ్ పెట్టి, నేను చప్పట్లు కొట్టిన మాటతోనే నా పిల్లల్ని గదిలోంచి బయటికి పంపించాడు.

చెరువు కట్ట మీద మోరీ కూలితే వానాకాలాలు గడిచిపోయినా పట్టించుకునే దిక్కు లేని ఊరు మాది. తండాకు మినీ సెంటర్ మాత్రం సమ్మె విరమించిన కొన్నాళ్లకే మంజూరైంది. ఊళ్లోవాళ్లు కావాలనుకుంటే పనులు ఎట్లా అవుతాయో అప్పుడు చూశాను.

తండా వాళ్లు సంబరపడ్డారు. డప్పులు తెచ్చారు, గులాలు చల్లుకున్నారు, సేటును పిలిచి శాలువా కప్పారు. "ఇన్నొద్దులకు సర్కారు మా తండల అడుగు పెట్టింది," అన్నాడు నాయక్. వాళ్లను అనడానికి నాకు మనసు రాదు. వేరు పడటమే గెలుపని ఊరూరా మైకులు చెప్తున్న రోజులు. పైగా వాళ్ల సంతోషంలో న్యాయం లేకపోలేదు. వానలో పసిపిల్లలు కట్ట దాటి నడిచే బాధ తప్పింది, తండా కోడలు ఒకామెకు ఉద్యోగం వచ్చింది. కాదనను. కానీ ఇన్నేళ్లూ మోరీకే దిక్కు లేదు, ఇప్పుడు అడగకుండానే సెంటర్ ఎందుకు వచ్చిందని ఒక్కరైనా అనుకోలేదే అని మాత్రం బాధ.

ఒక్క ఆయా అనుకుంది. డప్పుల దగ్గర అందరూ ఆడుతుంటే ఆమె బిడ్డను చంకన వేసుకొని దూరంగా నిలబడింది.

"నీ బిడ్డను నీ వెంట తీసుకరా అక్కా. ఎవలేమంటరో నేను చూస్త," అన్నాను.

కొన్నాళ్లు తెచ్చింది. సెంటర్లో సేటు మనవరాలు లేదు, వ్యాను మళ్లీ రావడంతో టై కట్టుకొని మానుకోట పోతోంది. అయినా వాడ పిల్లలతో ఈమె ఆడుతోంది, మాట్లాడుతోంది. అంతలో సూపర్‌వైజరమ్మ వచ్చి, ఈ పిల్ల పేరు తండాలో ఉంది, గుడ్డు అక్కడికి వస్తుంది, ఇక్కడ పెట్టడం కుదరదంది. నా వంతు గుడ్డు పెడతానన్నాను. నీకు వంతు లేదంది. గుడ్డు లేకున్నా కూర్చోనీయమని బతిమాలి ఒప్పించాను. అది గెలిచాం అనుకునేలోపు నాయక్ నుంచి కబురొచ్చింది. ఆయా బిడ్డే ఊరికి పోతుంటే తండాలో సెంటర్ దేనికని మూసేస్తారు, నీ ఒక్కదాని కోసం అందరి నోట్లో మన్ను కొడతావా అని పది మందిలో అడిగాడట.

మర్నాడు ఆమె ఒక్కతే వచ్చింది. గిన్నెలు తోముతూ చెప్పింది.

"మావోళ్లే టీచరమ్మా. కడుపు సించుకుంటె కాళ్ల మీద పడతది. ఎవలతోటి కొట్లాడుదు?"

అప్పటి నుంచి ఆమె రోజూ కట్ట దాటి వచ్చి ఊరి పిల్లలకు అన్నం వండి పెట్టేది. ఆమె బిడ్డ కట్ట అవతల ఉండేది. మినీ సెంటర్ చూసే పిల్ల మంచిదే, పిల్లల్ని ముద్దుగానే చూసుకునేది. అందరూ లంబాడీ పిల్లలే కాబట్టి లంబాడీలోనే మాట్లాడేది, మాట్లాడక ఏం చేస్తుంది? తెలుగు మాత్రం చదువు లెక్కన నేర్పేది. వారాల పేర్లు, నెలల పేర్లు, అంకెలు పిల్లలంతా గొంతెత్తి చెప్పేవాళ్లు. తల్లులు విని పొంగిపోయేవాళ్లు. చిన్నపిల్లలు ఒక భాష ఎంత తొందరగా నేర్చుకుంటారో, వాడకపోతే అంతకంటే తొందరగా మర్చిపోతారు. నా కళ్లతో చూశాను. ఏడాది తిరిగేసరికి ఆ పిల్ల నన్ను కట్ట మీద చూసి తల్లి చాటుకు పోయింది.

రాష్ట్రం వచ్చింది. జూన్‌లో ఊరంతా రంగులు, మిఠాయిలు. సేటు నాకు కూడా ఒక లడ్డూ ఇచ్చాడు, తిన్నాను. అదే నెలలో బళ్లు తెరిచారు. చిన్నబిడ్డను ఒకటో తరగతిలో వేయడానికి నన్ను తోడు రమ్మంది ఆయా. పిల్లకు తలకు నూనె రాసి, ఎర్ర రిబ్బన్లు కట్టి, కొత్త గౌను వేసింది. దారి పొడవునా పిల్లకు లంబాడీలో ఏదో చెప్తూనే ఉంది.

సారు మంచివాడే. పిల్లను దగ్గరికి తీసుకొని, "నీకేమేం వస్తయి బిడ్డా, చెప్పు," అన్నాడు.

పిల్ల చేతులు కట్టుకొని నిలబడి వారాల పేర్లు గడగడా చెప్పింది. ఒక్క తప్పు లేదు. సారు శెభాష్ అన్నాడు. ఆయా నా వైపు చూసింది. ఆ ముఖంలో వెలుగు చూసి, నేనే అనవసరంగా ఇన్నేళ్లు కోపం మోశానా అనిపించింది.

"పొద్దుగాల ఏం తిన్నవ్?" అన్నాడు సారు.

పిల్ల తల్లి వైపు చూసింది, నా వైపు చూసింది. మళ్లీ చేతులు కట్టుకొని, "ఆదివారం, సోమవారం," అని మొదలుపెట్టింది. పిల్లలు నవ్వారు.

"అది కాదు బిడ్డా. ఎవలతోటి వచ్చినవ్?"

పిల్ల ఈసారి నెలల పేర్లు ఎత్తుకుంది. వాడ పిల్లలు బెంచీలు చరిచి నవ్వారు. వాళ్లూ నా సెంటర్ పిల్లలే, ఒకప్పుడు ఆమెతో ఆడినవాళ్లే. సారు వాళ్లను కసిరి, నా వైపు తిరిగాడు.

"తెలుగు అస్సలు రాదు గద టీచరమ్మా. నేనెట్ల చెప్పాలె వీళ్లకు? గిప్పుడు మన రాష్ట్రమే వచ్చె. తండకు వేరె బడి ఇయ్యమని పైకి రాస్త. వాళ్లకే మంచిగుంటది."

మంచి మనసుతోనే అన్నాడు. నాకు ఒళ్లు మండి నోరు తెరిచేలోపు ఆయా నన్ను పక్కకు నెట్టి ముందుకు వచ్చింది. ఇన్నేళ్లలో ఆమె ఒకరి ముందుకు వచ్చి మాట్లాడటం నేను చూడలేదు.

"వద్దు సారూ. మాకు వేరె ఏం ఇయ్యకున్రి. గా మూలకు కూసుంటది, ఎవల జోలికి పోదు. నీ కాల్మొక్త, కూసోనియ్యి," అంది.

అంటూనే వంగి ఆయన కాళ్లు పట్టుకుంది. ఆయన వెనక్కి జరిగినా వదల్లేదు. తల్లిని అట్లా చూసి పిల్ల బెదిరిపోయింది. తాను తప్పు చెప్పాననుకుందేమో, చేతులు ఇంకా గట్టిగా కట్టుకొని, గొంతు పెంచి మళ్లీ ఆదివారం నుంచి మొదలుపెట్టింది.